మొధేరా సూర్యుడి గుడి ఊరు సోలార్ మీద నడుస్తోంది. మన అరసవల్లి సంగతేంటి?

అరసవల్లి_కుర్రోడు

గుజరాత్‌లో మొధేరా అనే ఊరుంది. పదకొండో శతాబ్దపు సూర్య దేవాలయం ఉన్న ఊరు. 2022 అక్టోబరులో దాన్ని దేశంలోనే రాత్రీపగలూ సోలార్ మీద నడిచే మొదటి ఊరని ప్రకటించారు. పక్కనే సుజ్జన్‌పురాలో 6 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. రాత్రి కోసం 15 మెగావాట్-అవర్ల బ్యాటరీ ఉంది. 1300 పైగా ఇళ్ల మీద కిలోవాటు చొప్పున ప్యానెళ్లు బిగించారు. మొత్తం ఖర్చు 80 కోట్ల పైచిలుకు, కేంద్రం సగం, రాష్ట్రం సగం.

మన దగ్గర వినపడేదంతా కొత్త సిటీల మాటే. అమరావతి 2050 నాటికి 2,700 మెగావాట్ల పునరుత్పాదక కరెంటుతో నడుస్తుందన్నారు. మంచిదే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి దాని చుట్టూ ఎకరాలకు ఎకరాలు వెంచర్లు వేస్తున్నారు, ప్రతి బ్రోచర్ మీదా 'గ్రీన్' అని ఉంటుంది. లోపలికెళ్లి చూస్తే తాటిచెట్లు కొట్టేసి సిమెంటు రోడ్లు పోశారు.

మనకీ సూర్యనారాయణ స్వామి ఉన్నాడు. ఎండకి లోటు లేదు. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఉన్న ఊళ్లని అలా మార్చాలంటే ఏం కావాలి? లేక ఖాళీ నేల మీద కొత్తగా కట్టుకోవడమే తేలికా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి_పాసింజర్

మొధేరా జనాభా ఆరేడు వేలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం పూట అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. పోలిక కుదరదు.

అరసవల్లి_కుర్రోడు

ఊరంతా ఒకేసారి చెయ్యమనట్లేదు. అరసవల్లి ఒక్కటీ చెయ్యొచ్చు కదా.

ఫ్యూజ్_కాల్

కరెంటు శాఖలో స్తంభాలెక్కి ఎక్కి రిటైరయినోణ్ని. నాకు తెలిసింది చెప్తాను.

సోలార్ పెట్టుకున్నోళ్లలో సగం మందికి ఒక సంగతి తెలీదు. మీ డాబా మీదున్నది ఆన్‌గ్రిడ్ అయితే, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకి కలిపిందైతే, లైన్లో కరెంటు పోగానే మీ సోలార్ కూడా ఆగిపోద్ది. మిట్టమధ్యాహ్నం, నెత్తిమీద సూర్యుడు, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. కంపెనీవోడు మోసం చేసేడని ఫోన్లు చేస్తారు. మోసం కాదు. అది ఆగాల. ఆగకపోతే మీ ఇంటి కరెంటు ఎనక్కి లైన్లోకొచ్చి స్తంభం మీదున్నోణ్ని చంపేస్తాది. మేం ఎల్‌సీ (లైను ఆపేసినట్టు అనుమతి) తీసుకుని, లైను ఎర్త్ చేసి ఎక్కుతాం. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏ ఇంట్లోంచి ఏ జనరేటర్ ఎనక్కి తన్నుతాదో అని గుండెలు పీచుపీచుమంటాయి.

కాబట్టి 'సోలార్ ఊరు' అంటే ప్యానెళ్ల లెక్క ఒక్కటే కాదు. బ్యాటరీ ఎక్కడ, ఎవరు ఏ స్విచ్ తీస్తారు, లైను ఎక్కడ తెంపుతారు, ముందు అవి చెప్పాల.

ఉద్దానం_పిల్ల

ఫ్యూజ్_కాల్ గారూ, ఇది నాకు బాగా తెలిసిన బాధ. మాది కవిటి వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా తోటలో కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి. జీడితోటలైతే వేళ్లతో సహా లేచిపోయాయి. స్తంభాలు నడుముకి విరిగాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. కరెంటు లేకపోతే బోరు లేదు, బోరు లేకపోతే నీళ్లు లేవు. కిడ్నీ జబ్బులున్న ప్రాంతంలో నీళ్లు లేకపోవడమంటే ఏంటో బయటివాళ్లకి అర్థం కాదు. సెల్‌ఫోన్ ఛార్జింగ్‌కి జనరేటర్ పెట్టి డబ్బులు తీసుకున్నారు.

అందుకని ఎవరైనా సోలార్ సిటీ అంటే నేనడిగేది ఒకటే. తుపాను తర్వాతి రోజు పొద్దున్న అది పనిచేస్తుందా?

బొబ్బిలి_వీణ

ఉద్దానం_పిల్ల అడిగినదానికి జవాబున్న ఊరు ఒకటుంది. అమెరికాలో ఫ్లోరిడాలో బాబ్‌కాక్ రాంచ్. ఖాళీ నేల మీద కొత్తగా కట్టిన ఊరే, 2018 నుంచి జనం ఉంటున్నారు. పక్కనే దాదాపు 7 లక్షల సోలార్ పలకలు, 150 మెగావాట్లు. 2022 సెప్టెంబరు 28న ఇయన్ తుపాను గంటకి 240 కిలోమీటర్ల గాలితో దాని దగ్గరే తీరం దాటింది. చుట్టుపక్కల లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. ఈ ఊళ్లో పోలేదు.

కారణం సోలార్ ఒక్కటే కాదు. కరెంటు తీగలు భూమిలోంచి వేశారు. ఊరు సముద్రానికి దూరంగా, మట్టం చూసుకుని కట్టారు. చిత్తడి నేలల్ని పూడ్చకుండా వదిలి, వాన నీరంతా చెరువుల్లోకి పోయేలా చేశారు. కొన్న నేలలో చాలా భాగాన్ని అడవిగా ఉంచమని ప్రభుత్వానికే అమ్మేశారు.

చీపురుపల్లి_పాసింజర్

రాత్రి పూట ఆ ఊరికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది?

బొబ్బిలి_వీణ

గ్రిడ్ నుంచే. ఫ్లోరిడా గ్రిడ్‌లో ఎక్కువభాగం గ్యాసు కరెంటు. బ్యాటరీ ఉంది, 10 మెగావాట్లు, రాత్రంతా సరిపోదు. పగలు వాడుకునేదానికంటే ఎక్కువ తయారుచేసి గ్రిడ్‌లోకి పంపుతారు, ఆ లెక్కన 'సోలార్ ఊరు'. నేనేం దాచట్లేదు.

ఫ్యూజ్_కాల్

భూమిలో తీగల మాట నిజం. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో అండర్‌గ్రౌండ్ కేబుల్ వేసేరు. కానీ పైతీగ కన్నా ఖర్చు చాలా ఎక్కువ. ఫాల్టు వస్తే ఎక్కడొచ్చిందో వెతకడం ఇంకో పని, తవ్వాల, జాయింటు వెయ్యాల. పల్లంలో పెట్టిన పిల్లర్ బాక్సుల్లోకి నీళ్లు పోతే మళ్లీ అదే కథ. ఊరంతా అక్కర్లేదు. ఆసుపత్రి, తాగునీటి పంపులు, తుపాను షెల్టరు, సెల్ టవరు ఉన్న లైన్లకి ఏస్తే సగం ప్రాణం నిలబడతాది.

గల్ఫ్_సోంపేట

అబుదాబిలో ఏసీ పని చేస్తాను. కొత్త సిటీ అంటే అందరూ మస్దర్ సిటీ పేరే చెప్తారు గదా, నేను అక్కడ పని చేసేను, సూసింది సెప్తాను.

2006లో ప్రకటించేరు, 2008లో మొదలెట్టేరు. బొగ్గు, చమురు మసి ఒక్క చుక్క లేకుండా 50 వేల మంది ఉండే ఊరు అన్నారు, 2016కి అయిపోతాదన్నారు. అప్పుడే ప్రపంచమంతా డబ్బు కరువొచ్చింది, గడువు 2030కి ఎళ్లిపోయింది. సున్నా కార్బన్ అన్నది తక్కువ కార్బన్ అయింది. డ్రైవరు లేకుండా తిరిగే చిన్న బండ్లు ఊరంతా అన్నారు, రెండు స్టేషన్ల మధ్య ఆగిపోనాయి.

కానీ ఒకటి నిజంగా బాగున్నాది. సందులు ఇరుకు. ఎదురెదురు గోడల నీడ సందు మీదే పడతాది. 45 మీటర్ల గాలి గోపురం ఒకటి కట్టేరు, పైగాలిని కిందకి దించుతాది. బయట రోడ్డు మీద మొహం కాలిపోతా ఉంటే ఆ సందులోకొస్తే ప్రాణం లేచొస్తాది. ఏసీ పనోణ్ని నేనే అంటన్నాను, ఏసీ తక్కువ తిరిగేలా కట్టడం ముందు పని. కరెంటు తర్వాత.

ఇంకోటి. అక్కడ బిగించినోళ్లం, ఊడ్చినోళ్లం ఎవరం అక్కడ ఉండం. క్యాంపు నుంచి బస్సులో తెచ్చి బస్సులో తీసుకెళ్తారు. మొదటి ప్లానులోనే రోజూ బయట నుంచి 40 వేల మందికి పైగా వస్తారని రాసుకున్నారు. మరి ఆ బస్సుల డీజిల్ ఏ ఊరి ఖాతా?

పొందూరు_సన్నం

గల్ఫ్_సోంపేట, చివరి మాటకి దండం. భోగాపురం దగ్గర విల్లాలు కట్టే మా ఊరోళ్లు షేర్ ఆటోలో గంటన్నర ప్రయాణం చేసి పనికెళ్తున్నారు.

మూడులాంతర్లు

పట్టణ ప్రణాళిక పాఠాలు చెప్తాను, విజయనగరంలోనే పుట్టి పెరిగాను. ఇక్కడ కొత్త సిటీల మీద కోపం ఎక్కువైందనిపిస్తోంది. కొంచెం ఎదురు చెప్తాను.

పాత ఊరిని మార్చడం తేలికని ఎవరన్నా అంటే వాళ్లు దాసన్నపేట సందుల్లో పైపు వేయించలేదన్నమాట. కాలువ మీద మెట్లు, మెట్ల మీద అరుగు, అరుగు మీద షాపు. దక్షిణానికి ఖాళీ ఉన్న డాబా వెతుక్కోవాలి. కొత్తగా కడితే రోడ్డు దిశ, డాబా వాలు, కేబుల్ దారి, మురుగు, వాన నీరు అన్నీ మొదటి రోజే కలిపి గీయొచ్చు. ఇంటికి నడక దూరంలో బడి, బజారు ఉండేలా చెయ్యొచ్చు. సగం ఇంధనం ఆదా అయ్యేది అక్కడే, ప్యానెల్ దగ్గర కాదు. మన ఉత్తరాంధ్రకి జనం పెరుగుతున్నారు, వలసపోయినవాళ్లు తిరిగి రావాలంటే ఊళ్లు పెరగాలి. ఎలాగూ పెరిగేదాన్ని ప్లానుతో పెంచుదామనే నేనంటున్నాను. ప్లాను లేకపోతే హైవే పక్కన పొడుగ్గా సాగిపోయే లేఅవుట్లే గతి.

అలాగని సౌదీవాళ్ల 'ద లైన్' లాంటిది కాదు. 170 కిలోమీటర్ల పొడుగు, 500 మీటర్ల ఎత్తు అద్దాల గోడ, 90 లక్షల జనం అని చెప్పి మొదలెట్టారు. 2030 నాటికి అయ్యేది రెండున్నర కిలోమీటర్ల లోపేనని వార్తలొచ్చాయి.

విజయనగరం రాజులు పెద్దచెరువు, అయ్యకోనేరు ఉంచుకుని వాటి చుట్టూ ఊరు పెంచారు. అది ప్లానే. చెరువు మీంచి వచ్చే గాలికి ఆ వీధుల్లో వేసవి సాయంత్రాలు ఎలా ఉండేవో మా నాన్నగారి తరంవాళ్లని అడగండి. వానకి గెడ్డ (వాగు) పొంగితే ఆ నీరు ఎటు పోవాలో వాళ్లకి తెలుసు. మనం గెడ్డల్లో కాలనీలు కట్టి, మునిగాక పడవలేస్తున్నాం.

రణస్థలం_రైతు

మూడులాంతర్లు గారు బాగా చెప్పేరు, కానీ ఆ 'ఖాళీ నేల' ఎక్కడుందో కూడా చెప్పండి. నేనెక్కడా చూడలేదు.

మా వైపు కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం అన్నారు. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. కొవ్వాడ, కోటపాలెం, రామచంద్రపురం, ఆ ఊళ్లన్నీ ఖాళీ చెయ్యాలన్నారు. ఏళ్లు గడిచాయి. రియాక్టర్ రాలేదు, ఇల్లు బాగు చేయించుకుందామంటే ఎలాగూ పోయే ఇల్లే కదా అని చెయ్యనివ్వరు, పిల్లకి సంబంధం వస్తే ఊరుంటుందా అని అడుగుతారు. సోంపేట బీల (చిత్తడి నేల)లో 2010 జులై 14న థర్మల్ వద్దన్నందుకు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ. ప్రాణాలు పోయాయి. కాగితం మీద ఆ బీల కూడా పనికిరాని నేలే. చేపలు, వరి, వలస పక్షులు, పశువుల మేత ఆ కాగితంలో లేవు.

మెగావాటు సోలార్‌కి అయిదారెకరాలు కావాలి. మొధేరాలో 6 మెగావాట్లకి 12 హెక్టార్లు ఇచ్చారు. కర్నూలు పార్కు వెయ్యి మెగావాట్లకి 5,900 ఎకరాల పైనే. ఆ ఎండిన నేల వేరు, మూడు కార్లు పండే మా నేల వేరు.

చీపురుపల్లి_పాసింజర్

అన్నా, థర్మల్ వద్దన్నాం, అణు వద్దన్నాం. ఇప్పుడు సోలారూ వద్దంటే కరెంటు గాల్లోంచి రావాలా?

రణస్థలం_రైతు

గాలి కూడా రాయలసీమలోనే బాగుందట. సోలార్ వద్దనలేదు బాబూ. డాబాల మీద పెట్టండి, కాలువ గట్ల మీద పెట్టండి, గోదాముల రేకుల మీద, ఆర్టీసీ కాంప్లెక్సు మీద, కలెక్టరేట్ మీద పెట్టండి. అవన్నీ నిండాక నా పొలం దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడదాం.

బొబ్బిలి_వీణ

నీళ్ల మీద కూడా పెట్టొచ్చు. విశాఖలో ముడసర్లోవ రిజర్వాయరు మీద 2 మెగావాట్లు 2018లోనే తేలించారు. సింహాద్రి ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2021లో 25 మెగావాట్లు పెట్టారు. నీటి చల్లదనానికి ప్యానెల్ బాగా పనిచేస్తుంది, నీరు ఆవిరవడం తగ్గుతుంది. తాటిపూడి రిజర్వాయరు ఎందుకు కాకూడదు?

పొందూరు_సన్నం

చేపలు పట్టుకునేవాళ్లని అడిగి పెడితే మంచిది. సొసైటీలున్నాయి, వలలు వేసే దారులున్నాయి.

అద్దె_ఇంటి_అప్ప

అందరూ డాబాలంటున్నారు. నాకు డాబా లేదు. శ్రీకాకుళం బలగలో కింద పోర్షన్లో అద్దెకుంటున్నాం. పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకి 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ అని చదివాను. ఇంటి ఓనరుని అడిగితే 'కరెంటు బిల్లు నువ్వు కట్టుకుంటున్నావు, నాకేం లాభం' అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. నా బాధలోనూ ఉంది. మే నెల బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. సోలార్ సిటీలో అద్దెకున్నవాళ్ల సంగతేంటి?

మూడులాంతర్లు

అప్పగారూ, ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఢిల్లీలో 2019లో వర్చువల్ నెట్ మీటరింగ్ అని ఒక పద్ధతి తెచ్చారు. ప్యానెల్ మీ ఇంటి మీదే ఉండక్కర్లేదు. బడి మీదో, కమ్యూనిటీ హాలు మీదో పదిమంది కలిసి పెట్టుకుంటే, తయారైన యూనిట్లని వాటాల ప్రకారం ఒక్కొక్కరి బిల్లులోంచి తగ్గిస్తారు.

డెన్మార్క్‌లో సామ్సో అనే దీవి ఇలాగే చేసింది. నాలుగువేల మంది ఉండే పాత రైతు దీవి. 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచి, పదేళ్లలో కరెంటంతా గాలిమరల నుంచే తెచ్చుకున్నారు. నేల మీద 11, సముద్రంలో 10. వాటిల్లో రైతులు, మామూలు జనం వాటాలు కొన్నారు. గడ్డి మండించి ఇళ్లకి వేడినీళ్లు గొట్టాల్లో పంపుతారు. 'నా మర' అనుకుంటే చప్పుడు కూడా ఇబ్బందనిపించదు.

అరసవల్లి_కుర్రోడు

సామ్సో కూడా పాత ఊరే. నా వైపు ఓటు ఒకటి పడింది.

మూడులాంతర్లు

పడింది. కానీ అక్కడ నాలుగువేల మంది, మన శ్రీకాకుళం పట్నంలో లక్ష దాటారు. బాబ్‌కాక్ రాంచ్ కొత్త ఊరని మర్చిపోకు.

జీడిపిక్క

పలాసలో మాకు జీడిపప్పు యూనిట్ ఉంది. సోలార్ సిటీ అంటే ఇళ్ల లైట్లు, ఫ్యాన్లే లెక్కేస్తున్నారు. ఊరు బతికేది పని మీద. మా దగ్గర పిక్కల్ని బాయిలర్‌లో ఉడికించాలి, కొట్టాక పప్పుని వేడిగదిలో ఆరబెట్టాలి, అప్పుడే పొట్టు ఒలుస్తుంది. మాకు కావాల్సింది ముఖ్యంగా వేడి. కట్టెలు, జీడి పెంకు మండిస్తాం. ఆ పొగ కాశీబుగ్గ మీద ఎలా కమ్ముతుందో తెల్లవారుజామున స్టేషన్లో దిగినవాళ్లకి తెలుసు. ఒలిచే ఆడవాళ్ల చేతులకి జీడి రసం అంటి తోలు ఊడుతుంది, ఊపిరి కూడా పాడవుతుంది.

మోటార్లకి, లైట్లకి రేకుల మీద సోలార్ పెట్టాం. బిల్లు తగ్గింది. బాయిలర్ మాత్రం ప్యానెళ్లతో నడవదు. ఎండతో నీళ్లు వేడెక్కించి బాయిలర్‌లోకి పంపితే కట్టె కొంత తగ్గుతుంది, అది చూస్తున్నాం. ప్రణాళిక వేసేవాళ్లు చిన్న పరిశ్రమల వేడి గురించి ఒక్క పేజీ అయినా రాయాలి.

ఉద్దానం_పిల్ల

జీడిపిక్క గారూ, ఆడవాళ్ల చేతుల గురించి రాసినందుకు థాంక్స్. మా పిన్ని అదే పని.

సాలూరు_కొండదారి

అందరూ రాత్రి సంగతి బ్యాటరీ మీద వదిలేస్తున్నారు. ప్రభుత్వం వదిలింది మా కొండల మీద.

పంప్‌డ్ స్టోరేజీ అంటారు. కొండ మీద ఒక రిజర్వాయరు, కింద ఒకటి. మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువైతే దాంతో నీళ్లు పైకి తోడతారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కిందకి వదిలి టర్బైన్ తిప్పుతారు. వందకి డెబ్బై అయిదు, ఎనభై వంతులు తిరిగొస్తుంది. పద్ధతిగా చూస్తే తప్పులేదు. సాలూరు కొండల్లో కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్లు అని అనుమతులిచ్చారు. అక్కడివి గిరిజన పల్లెలు. పోడు, జీడితోటలు, ఊటగెడ్డలు. అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభని అడగాలి. మా వాళ్లు అడిగేది అదే, ముందు మమ్మల్ని అడగండని.

మొదటి పోస్టు పెట్టిన తమ్ముడికి చెప్తున్నాను. అరసవల్లిలో రాత్రి తొమ్మిదికి వెలిగే బల్బు మా కొండ మీద ఏ ఊట ఎండగడుతుందో లెక్కలో ఉండాలి.

అరసవల్లి_కుర్రోడు

సాలూరు_కొండదారి, అందుకే నేను బ్యాటరీ ఊళ్లోనే ఉండాలంటున్నాను. మొధేరాకి ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఎవరి రాత్రి వాళ్లే మోసుకోవాలి.

ఫ్యూజ్_కాల్

ఎవరి రాత్రి వాళ్లు మోసుకోవడం అంత తేలిక కాదు బాబూ, లెక్క చూడు. కిలోవాటుకి రోజుకి సగటున నాలుగు యూనిట్లు. వంద ఇళ్లు మూడేసి కిలోవాట్లు పెడితే రోజుకి 1,200 యూనిట్లు. అందులో సగం సాయంత్రానికి దాచాలంటే 600 యూనిట్ల బ్యాటరీ. పైన శ్రావణ భాద్రపదాల్లో మబ్బు పడితే నాలుగు కాదు, రెండు కూడా రావు.

ఇంకో గొడవ ఉన్నాది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ వంద కేవీయేది అనుకో, అంటే సుమారు వంద కిలోవాట్లు మోసేది. వంద ఇళ్లూ మధ్యాహ్నం ఒకేసారి మూడొందల కిలోవాట్లు ఎనక్కి తోస్తే అది మొయ్యలేదు. వోల్టేజీ పైకెక్కుతాది, ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. లైను చివరింట్లోనోడిది ముందు ఆగుతాది. అంటే సబ్సిడీ తీసుకుని ప్యానెల్ పెట్టి, ఎండ బాగా కాసే రోజే కరెంటు అమ్ముకోలేడు. ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాల, లేదా బ్యాటరీ వీధి మొదట్లో పెట్టి మధ్యాహ్నం దాంట్లో నింపాల. రెండోదే మంచిది. తుపానుకి మెయిన్ లైన్ తెంపేసి, ఆ వీధి ఒక్కటీ ఆ బ్యాటరీ మీద నడిపించొచ్చు, స్తంభాలు నిలబడితే.

బొబ్బిలి_వీణ

మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకులు నింపొచ్చు కదా. పంపులు తెల్లవారుజామున కాకుండా పదకొండు నుంచి మూడు మధ్య నడపాలి. ట్యాంకు కూడా బ్యాటరీయే. వ్యవసాయ కరెంటు పగలే ఇస్తున్నది అందుకే.

ఫ్యూజ్_కాల్

బాగా చెప్పేవమ్మా. ఇది రేపే చెయ్యొచ్చు, కొత్త పరికరం ఒక్కటి అక్కర్లేదు.

చీపురుపల్లి_పాసింజర్

మా అమ్మ ప్యానెళ్లు బాగా కాలుతున్నాయి కదా, వాటి మీద వడియాలు పెడదామా అంటోంది. ఎవరైనా ప్రయత్నించారా?

పొందూరు_సన్నం

వద్దని చెప్పండి, మరక పడితే కరెంటు తగ్గుతుంది. మేం స్టాండు ఎనిమిది అడుగుల ఎత్తులో వేయించాం. కింద నీడలో మడత మంచం, పక్కన ఎండలో వడియాలు. డాబా ఎక్కడికీ పోలేదు. కింద గది కూడా వేసవిలో చల్లబడింది.

కళింగపట్నం_లైట్‌హౌస్

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. మాకు బిగించినవాడు మామూలు ఇనుప బోల్టులు వేశాడు. ఉప్పుగాలికి రెండు వానాకాలాలకే చుట్టూ ఎర్రటి పొర పెచ్చులుగా లేచింది, వేలితో రుద్దితే పొడి రాలుతోంది. ప్యానెల్ బాగానే ఉంది, దాన్ని పట్టి ఉంచేదే పోయింది. తుపానుకి ఆ పలక ఎగిరిందంటే ఎవరి మెడ మీద పడుతుందో. జింకుపూత బాగా ఉన్న స్టాండు, స్టీలు బోల్టులు అడగండి. కాంక్రీటు దిమ్మెలు డాబా మీద ఊరికే పెట్టకుండా శ్లాబుకి కట్టించండి. సబ్సిడీ రూల్సులో మన తీరానికి గాలి వేగం ఎంత తట్టుకోవాలో గట్టిగా రాసి, తనిఖీ చేసి తీరాలి.

ఉద్దానం_పిల్ల

ఇది వేరే థ్రెడ్‌గా పెట్టి పైన పిన్ చెయ్యమని మోడరేటర్లని కోరుతున్నాను. మా ఊళ్లో చాలామందికి పనికొస్తుంది.

అద్దె_ఇంటి_అప్ప

నీడ గొడవ కూడా రాయండి. మా చెల్లెలు సొంత డాబా మీద ప్యానెళ్లు పెట్టించుకుంది. పక్కవాళ్లు మూడో అంతస్తు లేపారు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటితే ఒక మూల నీడ. ఆ మూల ఒక్కటే కాదట, మొత్తం వరసకి కరెంటు పడిపోతోంది. పోట్లాడదామంటే ఏ రూల్ కింద పోట్లాడాలో తెలీదు.

మూడులాంతర్లు

ఒకే వరసలో కలిపిన పలకల్లో ఒకదాని మీద నీడ పడితే మిగతావీ దెబ్బతింటాయి. పలకకో చిన్న ఇన్వర్టరు పెడితే నష్టం ఆ ఒక్కదానికే ఉంటుంది, ఖర్చు కొంచెం ఎక్కువ.

రూల్ సంగతికొస్తే, నా వాదనంతా ఇక్కడే ఉంది. అరసవల్లి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే కిరణాలు వచ్చి స్వామి పాదాలకి తగులుతాయి. కట్టినవాళ్లు ఆ వెలుతురు వచ్చే దారిలో ఏదీ అడ్డు పెట్టలేదు. ఇవాళ మన బిల్డింగ్ ప్లాన్లలో గాలికీ వెలుతురికీ సెట్‌బ్యాక్ అని కొన్ని అడుగులు రాస్తారు, అది కూడా వదలరు. పక్కింటి డాబా మీద పడే ఎండకి హక్కంటూ ఎక్కడా లేదు. సోలార్ సిటీ చెయ్యాలంటే ముందు మాస్టర్ ప్లాన్‌లో ఈ ఒక్క వాక్యం చేర్చాలి. కొత్త ఊరికైనా పాత ఊరికైనా.

రణస్థలం_రైతు

ఇప్పుడు మీరూ మేమూ ఒక దారికొచ్చాం. నా పొలం అడగనంతవరకూ ఏ రూలైనా రాయండి.

చీపురుపల్లి_పాసింజర్

మూడులాంతర్లు గారు ఇంకా ఒప్పుకోలేదు, భోగాపురం కొత్త ఊరు కావాలంటారు.

మూడులాంతర్లు

కావాలనే అంటాను. ఎయిర్‌పోర్టు వచ్చాక అక్కడ ఊరు ఎలాగూ వస్తుంది. గెడ్డల్ని గుర్తుపెట్టి, చెరువుల్ని ముట్టుకోకుండా, పనివాళ్లకి అక్కడే ఇళ్లు ఇచ్చి కట్టమంటాను. రైతుకి డబ్బుతో పాటు సామ్సోలో లాగా కరెంటులో వాటా ఇవ్వమంటాను.

రణస్థలం_రైతు

వాటా కాగితం మీద ముందు, భూమి తర్వాత. ఆ వరసలో అయితే వింటాను.

గల్ఫ్_సోంపేట

పనోళ్లకి ఇళ్లు అన్నారు, ఆ మాట మీద నిలబడండి సారు. వచ్చే ఏడు తిరిగొచ్చేద్దామనుకుంటన్నాను, ఆ ఊళ్లో ఏసీ పని దొరికితే నీడ సందులో చిన్న ఇల్లు తీసుకుంటాను.

అరసవల్లి_కుర్రోడు

ఫ్యూజ్_కాల్ గారూ, మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత కేవీయేదో ఎలా తెలుస్తుంది? దాని కింద ఎన్ని మీటర్లున్నాయో, ఎన్ని డాబాలకి ఎండ నేరుగా పడుతోందో రాసి కౌన్సిలర్‌కి ఇద్దామనుకుంటున్నాం. మా వీధి కుర్రోళ్లం నలుగురం ఒప్పుకున్నాం.

ఫ్యూజ్_కాల్

ట్రాన్స్‌ఫార్మర్ మీద రేకు పలక ఉంటాది, దాని మీద కేవీయే రాసి ఉంటాది. కింద నుంచే సెల్‌ఫోన్‌తో జూమ్ చేసి ఫొటో తియ్యండి. గద్దె ఎక్కొద్దు, కంచె లోపలికి చెయ్యి పెట్టొద్దు. స్తంభం మీద నంబరు ఉంటే అదీ రాసుకోండి. మీటర్ల లెక్క మీ లైన్‌మేన్‌ని అడిగితే చెప్తాడు, మర్యాదగా అడగండి, పొద్దున్న తొమ్మిదిలోపు. డాబాల మీద నీడ చూడ్డానికి ఒక్కసారి ఎళ్తే చాలదు, పదింటికి, ఒంటిగంటకి, మూడింటికి చూడాల. అద్దెకున్నోళ్లవి వేరే కాలమ్‌లో రాయండి, అప్పగారు అడిగింది అందులో రావాల. ఫొటో ఇక్కడ పెట్టండి, మిగతా లెక్క నేను కడతాను.

అద్దె_ఇంటి_అప్ప

బలగ నుంచి మా వీధి లెక్క కూడా పంపొచ్చా?

ఫ్యూజ్_కాల్

పంపమ్మా.